మూట విప్పిన మెకానిక్

మీ కారు బాగుచేసినవాణ్ణి, మీ గీజరు విప్పినవాణ్ణి, మీ ఒంట్లో ఉన్న జబ్బు ఫలానా అని తేల్చినవాణ్ణి, ‘అదే కారణమని నీకెలా తెలిసింది?’ అని మీరు ఎప్పుడైనా అడిగారా? నిజం చెప్పండి. అడగలేదు. ఎంతవుతుంది, ఎప్పటికిస్తావు అని మాత్రం అడిగారు. నన్ను మినహాయించుకుని మాట్లాడటం లేదు. ముప్పై ఏళ్లుగా హేతువాద వేదికలెక్కి ప్రశ్నించండి, ప్రశ్నించండి అని గొంతు చించుకున్నవాణ్ణి నేను. నేనూ అడగలేదు. నాకు ఆ ప్రశ్న అడగడం నేర్పినవాడు నా సభలకు ఒక్కసారీ రాలేదు. మొన్న చచ్చిపోయాడు.

ఆ సంగతి నాకు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ‘మెట్రో స్తంభాల వెనక సందులో డీజిల్ కార్లు చూసే మెకానిక్ పోయాడట’ అని ఎవరో పెట్టారు. కింద వరసగా దండం బొమ్మలు. ఆ దండాల కింద ఒకావిడ అడిగింది: ‘ఎవరండీ, ఆ రక్ష మూట విప్పినతనేనా?’ దానికి ఇంకొకాయన జవాబు: ‘అతనేనండి. దైవంతో ఆటలాడితే ఊరికే పోదు.’ ఆ జవాబుకీ కొందరు దండం పెట్టారు.

నా ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. మంట చల్లారేదాకా ఆగి రాస్తే మర్యాదగా ఉంటుందని తెలుసు. ఆ మర్యాద నాకిప్పుడు అక్కర్లేదు.

ఆయన పేరు రాయను. దానికి కారణం ఉంది. ఒకసారి ఆయన్ని అడక్కుండా ఆయన పేరు నేను వాడుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వైపు వస్తుంటే తగిలే ఒక ఇరుకు సందులో రేకుల షెడ్డు. లోపల రెండు కార్లు పడతాయి, మూడోది సగం రోడ్డు మీదే. షెడ్డులో మొదట కంటబడేది పనిముట్లు కాదు, కాగితాలు. మైత్రీవనం దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతుల్లో కుక్కే కోచింగ్ సెంటర్ల కరపత్రాలు ఉంటాయే, జనం పది అడుగులు నడిచి రోడ్డు మీద పారేసేవి, అవన్నీ ఏరుకొచ్చి గోనెసంచిలో దాచేవాడు. ఒకవైపు అచ్చు, ఇంకోవైపు తెలుపు. తెల్లవైపు పైకి పెట్టి ఇంజిన్ కింద వరసగా పరిచేవాడు. చుక్క పడిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన బండి నంబరు, టైము రాసేవాడు. ఏ సాఫ్ట్‌వేర్ కోర్సో నేర్పి జీవితాలు మారుస్తామన్న ఆ కాగితాలు కనీసం అక్కడైనా ఒక నిజాన్ని మోశాయి.

“చుక్క యాడ పడ్డదో చెప్తది సారు, యాడికెళ్లి వచ్చిందో చెప్పది,” అనేవాడు. “గది మనమే తీయాలె.”

మెకానిక్ పని అయ్యాక చేతులు కడుక్కుంటాడు. ఈయన పనికి ముందు కడుక్కునేవాడు. బానెట్ ఎత్తబోయే ముందు సబ్బుతో మోచేతుల దాకా రుద్ది, గుడ్డతో తుడుచుకుని, అప్పుడు చెయ్యి పెట్టేవాడు. మొదటిసారి చూసి నేను నవ్వాను. ఆపరేషన్ చేస్తావా ఏంటి అన్నాను.

“నా చేతికున్న ఆయిల్ దానికంటితే, నాది సుత దానిదే అనుకుంట గద సారు,” అన్నాడు.

ఈ ఒక్క మాట మీద నేను మూడు ఉపన్యాసాలు ఇవ్వగలను. పరీక్ష చేసేవాడి మురికి పరీక్షలో కలవకూడదన్న ఇంగితం పెద్ద చదువులు చదివినవాళ్లలో ఎంతమందికి ఉంది? ఈయన ఏ కాలేజీకీ వెళ్లలేదు. ఎనిమిదో తరగతి సగంలో మానేశాడట.

ఇంకో అలవాటు ఉండేది. కారు తెచ్చినవాడు నోరు తెరవగానే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. “ఏమైందో చెప్పుండ్రి. ఎందుకైందో చెప్పకుండ్రి.” జనానికి ఇది మహా కష్టం. ఏమైందో చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది, ఎందుకైందో మాత్రం అరగంట చెబుతారు. ‘మా బావమరిది నడిపాడండీ, ఆయన చెయ్యి మంచిది కాదు’ అని ఒకాయన మొదలుపెడితే, “బావమరిదిని ఇడిసిపెట్టుండ్రి, బండిని చూద్దం,” అన్నాడు. కారు కడిగించి తళతళలాడించి తెస్తే ఆయనకు కోపం వచ్చేది. “సాక్షికి తానం పోసి తెచ్చిన్రా?” అనేవాడు. ముందు మురికిని చూడాలి, తర్వాత తుడవాలి, తుడిచాక మళ్లీ చూడాలి. వరస తప్పకూడదు.

అన్నట్టు, ఆయన నాస్తికుడు కాదు. నుదుట కుంకుమ, షెడ్డు మూలన ఎల్లమ్మ పటం, పొద్దున్నే అగరొత్తులు. ఆషాఢంలో బోనమెత్తుకున్న భార్య వెనకే బల్కంపేట గుడికి నడిచేవాడు. మా ఇద్దరికీ దాని మీద రోజూ పేచీయే.

“ఉస్తాద్, ప్రతి గొట్టాన్నీ పరీక్షించే మనిషివి. ఆ పటాన్ని ఎప్పుడు పరీక్షిస్తావు?”

“అమ్మవారు లీకైననాడు చూస్త సారు,” అన్నాడు, స్పానర్ తిప్పుతూనే. “ఇప్పటిదాంక కాలే.”

పక్కన టీ తాగుతున్న ఆటో ఆయన పడీ పడీ నవ్వాడు. నా ముప్పై ఏళ్ల వాదనా పటిమ ఆ టీ గ్లాసు పక్కన పడి ఉంది.

ఇక నా కారు సంగతి. పదిహేనేళ్లకు దగ్గరపడ్డ డీజిల్ బండి. ఒకరోజు నేల మీద నూనె మరకలు, కాలిన వాసన. పంజగుట్టలో అద్దాల గ్యారేజీ ఒకదానికి తీసుకెళ్లాను. మెడలో టై కట్టుకున్న కుర్రాడు బానెట్ ఎత్తి, టర్బో మీద వేలు రాసి, నల్లబడ్డ ఆ వేలు నా ముఖం ముందు పెట్టి, “టర్బో పోయింది సర్,” అన్నాడు. పొగగొట్టంలోంచి బయటికి పోయే వేడిగాలి బలంతో తిరుగుతూ, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే చిన్న చక్రం అది. నూనె మీదే తేలుతూ తిరుగుతుంది. కాబట్టి దాని మీద నూనె కనబడితే అదే పోయిందనుకోవడం సులువు. నేను ఆ నల్ల వేలిని నమ్మాను. రాళ్లలోంచి విభూతి రాలుతోందంటే చేతి కనికట్టు ఎక్కడుందో వెతికే నేను, టై కట్టుకున్నవాడి చేతిని వెతకలేదు. పాత టర్బో ఎక్కడైనా దొరికితే ఉస్తాద్ బిగిస్తాడేమో అడుగుదామని వచ్చాను. అప్పటికి మా పరిచయం కొత్త.

“టర్బో పోయింది ఉస్తాద్. మార్చాలి.”

అరచెయ్యి లేచింది. “ఏమైందో చెప్పుండ్రి.”

“నూనె కారుతోంది.”

“గట్ల చెప్పుండ్రి. టర్బో పోయిందని చెప్పిందెవరు?”

“పంజగుట్టలో పెద్ద గ్యారేజీవాళ్లు.”

“చూసిన్రా, విన్నరా?”

“వాళ్లు చూశారు.”

“మీరో?”

ఆయన మీసం కింద నవ్వు కదిలింది. “మొన్న హాల్ల మైకు పట్టుకొని మస్తు చెప్పిన్రంట గద, దేన్నీ ఊకనే నమ్మొద్దని? మా కస్టమర్ ఒకాయన చెప్పిండు.”

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

తర్వాత జరిగింది చూడటానికి నాలుగు గంటలు ఆయన పక్కన నిలబడ్డాను. ముందు టార్చి, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం పట్టుకుని టర్బో చుట్టూ, వెనకా, పైనా ఏమీ ముట్టుకోకుండా చూశాడు. తర్వాత టర్బో నోటికి తగిలించిన గొట్టం ఊడదీసి, లోపలి చక్రాన్ని రెండు వేళ్లతో ఊపి చూశాడు. ఊగలేదు. మళ్లీ బిగించాడు. ఆ తర్వాత పాత బనియను గుడ్డలతో టర్బో, దాని గొట్టాలు, దాని వెనకున్న గోడ, అంతా పొడిగా తుడిచాడు. చివరికి బీరువాలోంచి ఒక డబ్బా తీశాడు. పౌడరు. ముఖానికి రాసుకునే పౌడరు.

“మా ఇంటామెది,” అన్నాడు కొంచెం సిగ్గుపడి. “ఆమెకు తెల్వది ఎంత అయిపోతుందో.”

తుడిచిన చోటల్లా పౌడరు చల్లి, ఇంజిన్ ఆన్ చేసి కాసేపు వదిలేశాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పంజగుట్ట ఫ్లైఓవర్ ఎక్కి దిగి వచ్చాడు. బానెట్ ఎత్తాడు. తెల్లటి పౌడరు మీద సన్నటి నల్ల గీత. అది టర్బో దగ్గర పుట్టలేదు. ఇంజిన్ పైన ఉండే మూత వెనక అంచులో పుట్టి, మన కంటికి కనబడని వెనకవైపు నుంచి దిగి, టర్బో మీదికి చేరి, అక్కడ వేడికి మాడుతోంది.

“పైన మూత గాస్కెట్ పోయింది. గది కారితే గిది తడిసింది,” అన్నాడు. “టర్బో పాపం ఏం జేసింది సారు? కింద ఉన్నది, గంతే.”

గాస్కెట్ అంటే రెండు లోహాల మధ్య పెట్టే రబ్బరు పట్టీ. అది మారిస్తే కారడం ఆగిపోయింది. అదే టర్బోతో నేను ఇప్పటికీ తిరుగుతున్నాను.

ఇక్కడితో ఆపితే ఇది మంచి పనివాడి మీద మంచి వ్యాసం అవుతుంది. అలాంటివి నేను చాలా రాశాను. కాని ఆ మనిషి షెడ్డు మూతపడింది. మూయించినవాళ్లలో నేనొకణ్ణి.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి ఉంటారు. ఆయనదీ పాత డీజిల్ కారే. టర్బో గొట్టాల అతుకుల దగ్గర నూనె ఉబుకుతోందంటే నేనే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఉస్తాద్ వరస ప్రకారం అన్నీ చూశాడు. ఈసారి పైన మూత బాగుంది. టర్బో చక్రం ఊగడం లేదు. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగా నూనె పోసే చోట ఉండే బిరడా విప్పి, బిగించకుండా ఊరికే దాని మీద బోర్లించాడు. బిరడా మరుగుతున్న గిన్నె మీద మూతలా ఎగిరెగిరి పడింది.

“లోపటి గాలికి బయటికి పోను తొవ్వ లేదు,” అన్నాడు.

ఇంజిన్ పనిచేస్తుంటే దాని కడుపులో గాలి చేరుతుంది. అది పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, నూనె ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి తన్నుకొస్తుంది. టర్బో దగ్గర సందు దొరికింది. ఉస్తాద్ ఆ గొట్టాన్ని వేళ్లతో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగాడు. అక్కడ పసుపు గుడ్డ మూట ఒకటి, నైలాను తాడుతో, గొట్టం మడతపడి చదునుగా నొక్కుకుపోయేంత గట్టిగా కట్టి ఉంది.

అది రక్ష అట. ఆ కుటుంబం నమ్మే స్వామి ఒకాయన ఇచ్చారట. ‘బండి గుండె దగ్గర కట్టండి’ అన్నారట. పెద్దమనిషి బానెట్ ఎత్తి, మధ్యలో లావుగా కనబడిన గొట్టాన్ని గుండె అనుకున్నారు.

నేను పగలబడి నవ్వాను. ఉస్తాద్ నవ్వలేదు.

“విప్పకు!” అని అరిచారు పెద్దమనిషి.

“అయ్యా, దేవుని మూట. నేను సుత మొక్కుత. గాని గొంతు మీద గట్టిన్రు, దానికి ఊపిరి ఆడుతలేదు. జర పక్కకు జరుపుత, మీరు చూస్తుండంగనే.”

ఆయన కాసేపు తటపటాయించి తల ఊపారు. ఉస్తాద్ మళ్లీ చేతులు కడుక్కుని, మూట విప్పి, కళ్లకద్దుకుని, కారు ముందువైపు జాలీ వెనక కమ్మీకి కట్టాడు. రెండు రోజులు నడిపి చూశాం. కరపత్రాల మీద ఒక్క చుక్క పడలేదు.

ఒక నమ్మకం గల మనిషి ఇంకో నమ్మకం గల మనిషి మనసు నొప్పించకుండా, అబద్ధం చెప్పకుండా, కారు బాగుచేశాడు. అంత గొప్ప దృశ్యం చూసి నేనేం చేశాను? ఆ ఆదివారం మా సభలో దాన్ని వేటకత్తి చేసి తిప్పాను. ‘రక్ష బండి పీక పిసికింది, మన మెకానిక్ ఆ రక్ష పీక పిసికాడు’ అన్నాను. చప్పట్లే చప్పట్లు. ఉస్తాద్ పేరు చెప్పాను. సందు చెప్పాను. ‘మన నాస్తిక ఉద్యమానికి అసలైన నాయకుడు ఈయన’ అన్నాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. ఎవరో ఫోన్లో తీశారు. ఆ ముక్క రెండు రోజుల్లో మా మూడో అంతస్తుకు ఎక్కింది.

ఆ తర్వాతి వారం పెద్దమనిషి కుటుంబంతో యాత్రకు బయల్దేరారు. హైవే మీద కారు వెనక నీలం పొగ, ఆ వెంటనే ఇంజిన్ ఆగిపోయింది. రోడ్డు పక్కన నిలబడే ఆయన గ్రూపులో పెట్టారు: ‘రక్ష మూట విప్పించుకున్న పాపం. ఈ నాస్తిక మెకానిక్ దగ్గరికి ఎవరూ వెళ్లకండి.’ కింద షెడ్డు ఫొటో. అది మా గ్రూపు దాటింది, శ్రీనగర్ కాలనీలో ఉన్న గ్రూపులన్నీ తిరిగింది, యూసుఫ్‌గూడలో ఆయన అద్దెకుండే ఇంటి ఓనరు ఫోనుకు కూడా చేరింది. పంపినవాళ్లలో ఆ షెడ్డు మొహం చూసినవాళ్లు ఎందరు? ఆ కారు బానెట్ ఎత్తినవాళ్లు ఎందరు? ఆ ‘నాస్తిక’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు. నా మైకులోంచి.

నేను షెడ్డుకు వెళ్లేసరికి ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఒక్క కారూ లేదు. కరపత్రాలు పరిచి ఉన్నాయి, తెల్లగా.

“సారూ, నేను దేవుణ్ణి నమ్మనని మీకెవరు చెప్పిన్రు?”

“నేను అలా అనలేదు ఉస్తాద్. నువ్వు హేతువాదిలా ఆలోచిస్తావని...”

“నా పని చూసిన్రు. నన్ను అడగలే.”

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “గా బండిని ఒక్కసారి చూడనియ్యమనుండ్రి. తప్పు నాదైతే షెడ్డు మూసి ఇంట్ల కూసుంట. ఎవరినీ ఏమన. చూడకుంట మాత్రం మాట పడ,” అన్నాడు. నేను లేచాక వెనక నుంచి పిలిచి ఇంకో మాట చెప్పాడు. “చూడనియ్యకపోతే గీ ఒక్కటన్న అడుగుండ్రి సారు. బండి ఆగినప్పుడు మూట యాడున్నది? గంతే. ఇంకేం అడగకుండ్రి.”

ఒకే ఒక్క ప్రశ్న. నా చేతిలో పెట్టాడు. మూడో అంతస్తుకు వెళ్లాను. నన్ను చూడగానే పెద్దమనిషి, “మీ శిష్యుణ్ణి మళ్లీ నా బండి ముట్టుకోనివ్వాలా అండీ?” అన్నారు. అంతే, నాలో ఉపన్యాసకుడు లేచాడు. రక్షలకు శక్తి ఉందా, ఉంటే గాలి గొట్టానికి తెలుసా, స్వామి ఎక్కడ మెకానిక్ చదివాడు, గంటసేపు వాదించాను. వాదనలో గెలిచాననే అనుకున్నాను. మెట్లు దిగి వచ్చాను. ఆ ప్రశ్న అడగలేదు.

ఈలోపు ఆ కారును లాక్కెళ్లిన గ్యారేజీవాళ్లు ఇంజిన్ కడిగేశారు. విప్పేశారు. మార్చేశారు. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. నేను మూఢనమ్మకాల మీద ఒక ఘాటైన వ్యాసం రాసి నా బాధ్యత తీరిందనుకున్నాను.

షెడ్డు ఆరు నెలలకు మూతపడింది. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఉస్తాద్ ఎవరి దుకాణంలోనో టైర్లు విప్పే పనికి కుదిరాడు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి టైర్లు విప్పాడు! రోడ్డు మీద రెండుసార్లు కనబడ్డాడు. నమస్తే సారు అన్నాడు. ఆగలేదు.

ఆ నింద వల్లే చచ్చిపోయాడని నేను రాయను. డాక్టరు గుండె అన్నాడు. గుండె ఎందుకు ఆగిందో నేను చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాస్తే మూడో అంతస్తు ఆయనకూ నాకూ తేడా ఏముంది?

గ్రూపులో ఆ దండాలు చూసిన పొద్దున నేను కిందికి దిగి మా వాచ్‌మన్ దగ్గర నిలబడ్డాను. ఏమీ తోచక అడిగాను. ఆ యాత్రకు ముందు ఆ కారు దగ్గర ఏం జరిగిందో నీకేమైనా తెలుసా అని.

“తెలుసు సార్. ముంగట జాలీకి కట్టిన మూటను సారే తీసిండు. బానెట్ లేపి లోపట కట్టిండు. తాడు తెగుతదని నన్నే తీగ తెమ్మన్నడు.”

“తీగతోనా? ఎక్కడ కట్టారు?”

“నడిమిట్ల లావు గొట్టం ఉంటది గద సార్, గక్కడ్నే. నేనే టార్చి పట్టిన.”

“మరి ఇంతకాలం ఎందుకు చెప్పలేదయ్యా?”

వాచ్‌మన్ నా వంక ఆశ్చర్యంగా చూశాడు. “ఎవరడిగిన్రు సార్?”

ఈ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఇంజినీర్లున్నారు, ఒక లాయరున్నాడు, నాబోటి హేతువాది ఉన్నాడు. ఆ కారు ఆగి ఏడాదిన్నరైంది, ఇన్నాళ్లలో గేటు దగ్గర రోజూ కనబడే మనిషిని ఎవరూ అడగలేదు.

తిన్నగా మూడో అంతస్తుకు ఎక్కి ఈసారి ఆ ఒక్క ప్రశ్నే అడిగాను. బండి ఆగినప్పుడు మూట ఎక్కడుంది? ఆయన దాచలేదు. దాచాల్సింది ఏముందో ఆయనకు తెలియలేదు.

“మళ్లీ అక్కడే కట్టానండి. మీ వీడియో చూశాక మా ఆవిడ హడలిపోయింది. స్వామి చెప్పిన చోట కట్టకపోతే ఎలా?”

“అంటే ఉస్తాద్ సరిచేసినదాన్ని మీరే మళ్లీ బిగించారు.”

“ఏంటండీ మీరు! మొదట విప్పింది అతనేగా? ఒకసారి విప్పాక దానికి బలం ఉంటుందా?”

ఇదీ సంగతి. ఇంజిన్ కడిగేశారు కాబట్టి, తీగతో నొక్కుకుపోయిన ఆ గొట్టమే కారణమని ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. అంతకుముందు అదే చోట, అదే మూట అదే పని చేసిందని మాత్రం నా కళ్లతో చూశాను. ఉస్తాద్ కట్టినచోట మూట లేదని ఇద్దరు మనుషులు చెప్పారు, అందులో ఒకరు దాన్ని తీసి మళ్లీ గొట్టానికి కట్టినాయనే. ఇంత తెలుసుకోవడానికి నాకు పట్టింది పావుగంట. పావుగంట! ఒక మనిషి బతుకు అంత తక్కువ పనికి ఆగిపోయింది, ఆ పని చేయడానికి అతను చచ్చేదాకా మాకెవరికీ తీరిక దొరకలేదు.

యూసుఫ్‌గూడలో ఆయన ఇంటికి వెళ్లాను. నేను కనుక్కున్నదంతా ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి విన్నది. ఏడవలేదు. నేను ఏదో సాయం అని మొదలుపెట్టబోతే ఆపింది.

“మాకేం వద్దు సారు. ఎల్లమ్మ గుడికాడ సుత అడిగిన్రు, మీ ఆయన దేవుని మూట విప్పిండంట గద అని. ఆయన పోయిండు, గా మాట పోలే. గా మాట వాపస్ తీసుకొమ్మనుండ్రి. యాడాడ పంపిన్రో గాడాడ.”

ఆ సాయంత్రం నేను గ్రూపులో అంతా రాశాను. వాచ్‌మన్ చెప్పింది, పెద్దమనిషి ఒప్పుకున్నది, నా సభలో నేను చేసిన తప్పు, ఏదీ దాచలేదు. అరగంటలో అడ్మిన్ దాన్ని తీసేశాడు. ‘పోయినవారి గురించి వివాదాలు వద్దు’ అని కింద ఒక వాక్యం పెట్టాడు. పోయినవారి మీద వేసిన నింద మాత్రం అలాగే ఉంది. అది వివాదం కాదట!

అందుకని ఇక్కడ అచ్చులో అంటున్నాను. ఉస్తాద్ మూట విప్పింది ఓనరు ఒప్పుకున్నాకే. కళ్లకద్దుకుని ఇంకోచోట కట్టాడు. ఆయన దేవుణ్ణి నమ్మినవాడు. ఆయన్ని నాస్తికుడన్నది నేను, అడక్కుండా అన్నాను. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే ఆదివారం అదే హాల్లో, అదే మైకులో మళ్లీ తీసుకుంటాను.

ఇక మీ వంతు. ఇది చదివి నిట్టూర్చి పేజీ తిప్పకండి, నాకు మీ జాలి అక్కర్లేదు. మీ ఫోను చేతిలోకి తీసుకోండి. ఒక మెకానిక్ మీదో, ఒక వంటామె మీదో, ఒక నర్సు మీదో, మీరు అక్కడ లేకుండా, ఎవరినీ అడక్కుండా ముందుకు తోసిన మాటను వెతికి పట్టుకోండి. ఉంటుంది, నాకు తెలుసు. ఏయే గ్రూపులకు పంపారో ఆ ప్రతి గ్రూపులో, మీ పేరు పెట్టి, ‘ఇది నిజమో కాదో కనుక్కోకుండా పంపాను, వెనక్కి తీసుకుంటున్నాను’ అని రాయండి. అడ్మిన్ తీసేస్తే మళ్లీ రాయండి. ఆ మనిషి బతికుండగానే రాయండి.